ఇరవై ఎనిమిది రోజుల సొమ్ము

గత శుక్రవారం నాచారంలో జుమా నమాజు ముగించుకుని మెట్ల దగ్గర చెప్పులు వెదుక్కుంటూ ఉండగా ఒక సోదరుడు మా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ఇక్కడి పారిశ్రామికవాడలోనే ఫిట్టరుగా పనిచేస్తాడు. ముఖంలో సంతోషం ఉంది, ఆ సంతోషం వెనుక ఏదో తడబాటు కూడా ఉంది. పెద్దబ్బాయికి ఇంగ్లండులో ఎం.ఎస్సీ. సీటు వచ్చిందన్నాడు. "ముబారక్" అన్నాము.

"అంతా మీ దుఆ మౌలానా. ఒక్క చిన్న పని మిగిలింది. మీరు కాస్త ఉప్పల్ దాకా రావాలి. అక్కడ ఒకాయన 28 రోజులకు పైసలు సర్దుతాడట. మీ మాట ఉంటే చాలన్నాడు."

రాలేమని చెప్పాము. ఆయన ముఖం చిన్నబోయింది. "2023లో ఫలానా వాళ్ల అబ్బాయి కోసం వెళ్లారు కదా, మా అబ్బాయి ఏం పాపం చేశాడు" అని నోటితో అనలేదు గాని ఆ మాట ఆయన కళ్లలో ఉంది. నిజమే, ఆనాడు వెళ్లాము. ఎందుకు వెళ్లామో, ఈనాడు ఎందుకు వెళ్లబోమో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

విషయం తెలియని పాఠకుల కోసం ముందుగా కొంత చెప్పాలి. విద్యార్థికి వీసా ఇచ్చే ముందు బ్రిటన్ ప్రభుత్వం రెండు సంగతులు అడుగుతుంది. ఫీజు కట్టగలవా? ఇక్కడ తిని, ఉండగలవా? రెండో ప్రశ్నకు అది ఒక లెక్క కట్టింది. 2025 నవంబరు 11 నుంచి ఆ లెక్క లండన్‌లో చదివేవారికి నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట చదివేవారికి 1,171 పౌండ్లు. ఇలా 9 నెలలకు సరిపడా సొమ్ము విద్యార్థి ఖాతాలో గాని, తల్లిదండ్రుల ఖాతాలో గాని ఉండాలి. వరుసగా 28 రోజులు ఆ మొత్తానికి తగ్గకుండా ఉండాలి. లండన్ బయటి లెక్క 10,539 పౌండ్లవుతుంది. పౌండును 120 రూపాయలుగా వేసుకుంటే సుమారు 12 లక్షల 65 వేలు. ఇంకా కట్టవలసిన ఫీజు ఉంటే అది దీనికి అదనం.

ఇవాళ వేసి రేపు తీసుకునే డబ్బును నమ్మలేమని ఆ ప్రభుత్వం 28 రోజుల గడువు పెట్టింది. మనవాళ్లు ఆ గడువునే వ్యాపారంగా మార్చుకున్నారు. అప్పిచ్చేవాడు తండ్రి ఖాతాలో డబ్బు వేస్తాడు. సంతకం చేసిన చెక్కులు, ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకుంటాడు. లక్షకు ఇంత అని ముందుగానే కోసుకుంటాడు. 28 రోజులు నిండి, బ్యాంకు నుంచి కాగితం చేతికి రాగానే తన సొమ్ము తాను తీసుకుపోతాడు. తండ్రి ఖాతాలో మిగిలేది మునుపు ఉన్నదే. కాగితం మీద మాత్రం 12 లక్షలు. వీసా అధికారి చూసేది ఆ కాగితాన్నే. పిల్లవాడు విమానం ఎక్కేది కూడా ఆ కాగితం మీదనే.

2023 జులైలో మా పాత శిష్యుడి తండ్రి వచ్చి అడిగినప్పుడు మేము ఉప్పల్ వెళ్లి అటువంటి ఒక వ్యవహారానికి జామీను నిలబడ్డాము. అప్పిచ్చినవాడు దానిని వడ్డీ అనలేదు, "సర్వీస్ చార్జీ" అన్నాడు. ఆ మాట మా చెవులకు ఇంపుగానే వినిపించింది. వడ్డీ వ్యవహారంలో తీసుకునేవాడికి, ఇచ్చేవాడికే కాదు, రాసేవాడికీ సాక్షులకూ కూడా పాపంలో భాగముంటుందని ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న వాళ్లము. ఆ రోజు మాత్రం పిల్లవాడి భవిష్యత్తు అనే మాట అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. మనిషికి తన తప్పుకు పేరు పెట్టుకోవడంలో ఉన్న తెలివి మరే పనిలోనూ ఉండదు కాబోలు.

ఆ అబ్బాయి సెప్టెంబరులో వెళ్లాడు. ఫీజులో పెద్ద భాగం బోడుప్పల్‌లోని ప్లాటు అమ్మి కట్టారు. చేతికి ఇచ్చి పంపినది రెండు నెలలకు సరిపడా సొమ్ము. "అక్కడ పార్ట్‌టైమ్ ఉంటుంది, మూడో నెల నుంచి మీరు పంపనక్కరలేదు" అని కన్సల్టెన్సీ వారు చెప్పారు. అందరమూ నమ్మాము. నమ్మడం సులువు, లెక్క చూడడం కష్టం.

రెండు గదుల ఇంట్లో ఏడుగురు. పగలు పనిచేసేవాడి పరుపు మీద రాత్రి పనిచేసేవాడు పడుకునేవాడు. మొదటి పని దొరకడానికి పదకొండు వారాలు పట్టింది. జనవరి చలిలో గది వెచ్చబరచుకునే మీటరులో ముందుగా డబ్బు వేయాలి, అది అయిపోతే దుప్పటే దిక్కు. తల్లికి ఫోనులో రోజూ ఒకటే మాట, బాగున్నాను అమ్మీ, తిన్నాను అమ్మీ. మాకు మాత్రం 2024 మార్చిలో ఒక సందేశం పంపాడు. రంజాన్ వచ్చింది ఉస్తాద్, ఒక పూట ఖర్చు తగ్గింది, ఇఫ్తార్ మసీదులో పెడుతున్నారు అని. నవ్వుతున్న బొమ్మ ఒకటి పక్కన పెట్టాడు. మేము ఆ సందేశం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాము. రోజా కష్టాన్ని ఓర్చుకున్నవారిని చూశాము గాని, ఖర్చు తగ్గిందని రోజాను ఆహ్వానించిన పిల్లవాడిని చూడలేదు.

అసలు దెబ్బ తగిలింది ఆ తర్వాత. ఇక్కడ తల్లిదండ్రులు ఒక్క సంగతి బాగా గమనించాలి. వీసాకు అడిగేది 9 నెలల ఖర్చు. అక్కడి ఎం.ఎస్సీ. సాధారణంగా 12 నెలలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా క్లాసులు ఉండవు, విద్యార్థి డిసర్టేషన్ రాయాలి. అద్దె ఆగదు, ఆకలి ఆగదు. ఈనాటి లెక్కన ఆ మూడు నెలలకు 3,513 పౌండ్లు, అంటే 4 లక్షల 20 వేలు కావాలి. ఈ మూడు నెలలు ప్రభుత్వ లెక్కలో లేవు కాబట్టి మన లెక్కలోనూ ఉండవు. మా శిష్యుడికి అసలు తొమ్మిది నెలలదే లేదు, ఇక ఈ మూడు నెలలది ఎక్కడిది? క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. మాస్టర్స్ చదివేవారికి ఆ వేసవి నెలలు కూడా చదువు కాలమే, సెలవు కాదు. అతడు రాత్రంతా ఒక వంటింట్లో గిన్నెలు తోమాడు, చట్టం చెప్పిన కనీస వేతనం కంటే తక్కువకు, చేతికి నగదుగా. ఫిర్యాదు చేస్తే తానే దోషి. డిసర్టేషన్ పూర్తికాలేదు. ఎం.ఎస్సీ. పట్టా బదులు పీజీ డిప్లొమా కాగితంతో 2025 జనవరిలో తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాడు, మంచివాడు, ఎవరినీ నిందించడు. పేరు లేకుండా రాసుకోండి ఉస్తాద్, ఇంకెవరికైనా పనికొస్తుంది అన్నాడు.

పరదేశంలో చదువుకునే విద్యార్థి ఎలా బతుకుతాడో చూడడానికి విమానం ఎక్కనక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం మనకు కూతవేటు దూరంలో ఉంది. యెమెన్ నుంచి, సూడాన్ నుంచి, సోమాలియా నుంచి వచ్చి చదువుకునేవారు తార్నాక, హబ్సిగూడ, నాచారం వీధుల్లో అద్దెకుంటారు. మన మసీదుల్లో మన పక్కనే నిలబడి నమాజు చేస్తారు. వారిని పలకరించినవారు మనలో ఎంతమంది? అద్దె కాస్త ఎక్కువ చెప్పినవారు మాత్రం ఉన్నారు.

2023 ఏప్రిల్ 15న, రంజాన్ చివరి రోజుల్లో, ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. బ్యాంకులు మూతపడ్డాయి. ఇక్కడున్న సూడాన్ విద్యార్థులకు ఇంటి నుంచి వచ్చే డబ్బు ఒక్కసారిగా నిలిచిపోయింది. మా మసీదుకు వచ్చే ఒక పరిశోధక విద్యార్థికి జకాత్ సొమ్ము నుంచి కొంత ఇద్దామని కమిటీవారు అనుకున్నారు. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకరు కదా. అరబీ మాట్లాడగలమని మమ్మల్ని పంపారు. (మదరసాలో నేర్చిన అరబీ మాట్లాడడానికి అక్కరకు రావడం మాకు అరుదు, ఆ రోజు కొంత గర్వంగానే వెళ్లాము.) ఆ అబ్బాయి డబ్బు తీసుకోలేదు. "ఇప్పుడు నాకు అర్హత లేదు. నా దగ్గర నాలుగు నెలలకు ఉంది. అయిపోయాక నేనే వచ్చి అడుగుతాను" అన్నాడు. మేము నమ్మలేదేమోనని ఒక నోటుపుస్తకం తీసి చూపించాడు.

అందులో ప్రతి నెలకూ మూడు వరుసలు ఉన్నాయి. మొదటి వరుస, చేతిలో ఉన్నది. రెండో వరుస, రావలసినది. మూడో వరుస, రావచ్చునని ఆశ. అద్దె, గ్యాసు, బియ్యం, ఉల్లిగడ్డ, బస్ పాస్, జిరాక్సు కాగితాలు, అన్నీ మొదటి వరుసకు ఎదురుగానే రాసుకున్నాడు. రెండో వరుసలోది వస్తే మొదటి దానిలోకి మారుతుంది, అప్పుడే ఖర్చుకు వస్తుంది. మూడో వరుసకు ఎదురుగా ఒక్క పైసా ఖర్చు కూడా లేదు. పుస్తకం మొదటి పేజీలో అన్నిటికంటే పైన ఒకే అంకె ఉంది. తిరుగు ప్రయాణం టికెట్టుకు అయ్యే సొమ్ము. దానిని హైదరాబాదులో దిగిన రోజు నుంచీ ముట్టలేదట. యుద్ధం వస్తుందని అతడికి తెలియదు. ఏదో ఒకటి వస్తుందని మాత్రం తెలుసు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథను మనమంతా వింటూనే ఉంటాము, పంట పండిన ఏడేళ్లలో కరువు వచ్చే ఏడేళ్లకు ధాన్యం దాచిన సంగతి. విన్నాక మనం ఇంటికి వెళ్లి భోజనం చేస్తాము. ఆ అబ్బాయి నోటుపుస్తకం కొన్నాడు.

ఆగస్టు చివర అతడు మాట ప్రకారమే వచ్చి "అయిపోయింది" అన్నాడు. కమిటీవారు ఇచ్చారు, అతడు తీసుకున్నాడు. ఏప్రిల్‌లో ఆ నోటుపుస్తకం చూసిన మేమే జులైలో ఉప్పల్ వెళ్లి జామీను నిలబడ్డామన్నది పాఠకులు గమనించే ఉంటారు.

ఇప్పుడు మన ఇళ్లలో వేసే లెక్కను ఆ మూడు వరుసల్లో పెట్టి చూడండి. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో ముఖ్యమంత్రి పేరిట విదేశీ విద్యా పథకం మొదలుపెట్టింది. సాయం తర్వాత 20 లక్షల రూపాయల దాకా పెరిగింది. మంచి పథకం, దానితో చదువుకుని బాగుపడినవారు మాకు తెలుసు. కానీ ఆ సొమ్ము రెండు విడతలుగా వస్తుంది. మొదటిది విద్యార్థి ఆ దేశంలో దిగినట్టు కాగితం చూపించాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. విడుదలలో జరిగే జాప్యం పత్రికలు చదివేవారికి కొత్త సంగతి కాదు. కాబట్టి అది రెండో వరుస. దిగిన వారం కట్టవలసిన అడ్వాన్సుకు అది అక్కరకు రాదు.

పార్ట్‌టైమ్ పని మూడో వరుస. ఇంగ్లండులో 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు చేశారు. 20 గంటలకు 244 పౌండ్లు. నెలకు వెయ్యి దాటిందని కన్సల్టెన్సీ వారు కాగితం మీద గుణిస్తారు. పని దొరికే దాకా గడిచే వారాలు, పరీక్షల వారాలు, జ్వరం వచ్చిన వారాలు ఆ గుణకారంలో ఉండవు. అమెరికాలో అయితే మొదటి సంవత్సరం క్యాంపస్ బయట పనిచేయరాదు, క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌లో కనీస వేతనం 2009 నుంచీ గంటకు ఏడుంబావు డాలర్లే. 20 గంటలకు 145 డాలర్లు. దానితో అద్దె కట్టవచ్చునని ఎవరైనా అంటే ఆ అద్దె ఇల్లు చూపించమనండి.

28 రోజుల సొమ్ము ఏ వరుసలోది? చేతిలో లేదు, రావలసినది కాదు, వస్తుందన్న ఆశ కూడా లేదు. దానికి ఆ నోటుపుస్తకంలో చోటే లేదు.

బ్యాంకు విద్యారుణం సంగతి కూడా చెప్పాలి. దాని ధర్మాధర్మాల మీద పండితుల మధ్య చర్చ ఉంది, అది ఈ వ్యాసంలో తేలేది కాదు. లెక్క మాత్రం చూద్దాము. 20 లక్షలకు నూటికి 11 చొప్పున ఏడాదికి 2 లక్షల 20 వేలు. చదువు రెండేళ్లయితే పిల్లవాడు మొదటి జీతం తీసుకునే లోపే 4 లక్షల 40 వేలు పేరుకుంటుంది. మైనారిటీ విద్యార్థులకు ఈ కాలపు వడ్డీని భరించేందుకు కేంద్రం నడిపిన పఢో పరదేశ్ పథకాన్ని 2022-23 నుంచి నిలిపివేశారు. ఇంకా ఉందని చెప్పి దరఖాస్తు రుసుము అడిగేవారు ఎదురైతే జాగ్రత్త. దీనికి తోడు రూపాయి ఒకటి. 2015లో డాలరు 64 రూపాయల చుట్టూ ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. పిల్లవాడు అక్కడ అదే రొట్టె తింటున్నా నాచారంలో తండ్రి ఎక్కువ పంపాలి. నూటికి పది చొప్పున ముందే కలిపి వేసుకోని లెక్క లెక్క కాదు.

కెనడాలో జరిగినది మన తండ్రులు తెలుసుకోవాలి. ఆ ప్రభుత్వం విద్యార్థి ఒక ఏడాది బతకడానికి 10,000 డాలర్లు చూపిస్తే చాలని ఇరవై ఏళ్లు అదే అంకె పెట్టుకు కూర్చుంది. ధరలు ఎక్కడికో పోయాయి. పిల్లలు ఉచిత ఆహారం పంచే ఫుడ్ బ్యాంకుల ముందు వరుస కట్టారు. 2024 జనవరి 1 నుంచి ఆ అంకెను ఒక్కసారిగా 20,635 డాలర్లు చేశారు, 2025 సెప్టెంబరు నుంచి 22,895 చేశారు. అంటే ప్రభుత్వం చెప్పే అంకె కూడా కనీసమే, దానిని తృప్తిపరచడం వేరు, బతకడం వేరు. జర్మనీ పద్ధతి మాకు నచ్చింది. అక్కడ 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ముందుగా ఒక ఖాతాలో వేసి బంధించాలి, విద్యార్థి దిగాక నెలకు 992 చొప్పున వదులుతారు. ఇరవై తొమ్మిదో రోజున వచ్చి తీసుకుపోవడానికి వీలులేదు. మనవాళ్ల అలవాటు వారికి ఎవరో చెప్పినట్టుంది! అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ఫీజు లేదంటారు, నిజమే. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన పిల్లలకు సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఆ 992 లోంచే ఆరోగ్య బీమాకు నెలకు 140 యూరోల పైన పోతుంది. ఇంటి అద్దెకు మూడు నెలల అడ్వాన్సు దాకా అడగవచ్చు. ఇంగ్లండులో అడ్వాన్సు ఐదు వారాల అద్దె మించరాదు, పూర్తికాల విద్యార్థులు మాత్రమే ఉండే ఇంటికి కౌన్సిల్ పన్ను లేదు. వీసా దరఖాస్తుతోపాటే అక్కడి ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్ల చొప్పున కట్టాలి. ఇవన్నీ ముందే తెలిసిన ఖర్చులు, అయినా ప్రతి ఇంట్లోనూ హఠాత్తుగా వచ్చిపడ్డ ఖర్చులుగానే చెప్పుకుంటారు.

ఇంకో మాట. ఈ లెక్క వేసే చోట తండ్రి ఉంటాడు, కొడుకు ఉంటాడు, కన్సల్టెన్సీ కుర్రవాడు ఉంటాడు, తల్లి ఉండదు. నెలకు ఇరవై వేల జీతంలో అద్దె, పాలు, స్కూలు ఫీజులు, పండుగ, పెళ్లి కానుకలు అన్నీ సర్ది, ఇంకా బియ్యం డబ్బాలో రెండు వేలు దాచగలిగిన మనిషిని వంటింట్లో ఉంచి, జీవితంలో ఒక్కసారి కూడా సౌదా చీటీ రాయనివారు ముగ్గురు కూర్చుని పరదేశంలో ఏడాది ఖర్చు తేలుస్తారు. ఉప్పెంత, నూనె ఎంత అన్నది తెలిసిన మనిషిని అడగండి. కొడుకును వెళ్లే ముందు మూడు నెలలు వంటింట్లో ఆమె చేతికింద పెట్టండి. ఖిచిడీ, ఖట్టా, పప్పు, కోడికూర, ఈ నాలుగూ వస్తే చాలు. హలాల్ దొరకక, వంట రాక, బయట తినే పిల్లవాడి నెల ఖర్చు వండుకునేవాడి ఖర్చుకు రెట్టింపవుతుంది. వెళ్లేది అమ్మాయి అయితే ఈ మాట చెప్పనక్కరలేదు అనుకుంటారేమో, ఈ కాలపు అమ్మాయిలకూ చెప్పాలి.

పొదుపుగా ఉండడం నామోషీ అనుకునే పిల్లలకు ఒక సంగతి చెప్పండి. 1888లో లండన్ వెళ్లిన ఒక గుజరాతీ విద్యార్థి మొదట్లో ఖరీదైన సూటు కుట్టించుకున్నాడు, నాట్యం నేర్చుకోబోయాడు, వయొలిన్ కొన్నాడు. ఊళ్లో అన్న కష్టపడి డబ్బు పంపుతున్నాడన్న సంగతి మనసుకు పట్టాక రెండు గదులు వదిలి ఒక గదికి మారాడు, పొయ్యి కొని పొద్దున ఓట్స్ జావ తానే కాచుకున్నాడు, బండి ఎక్కకుండా నడిచాడు. రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడిపాడు. ప్రతి పెన్నీ లెక్క రాత్రి పడుకునే ముందు రాశాడు. ఇవన్నీ గాంధీగారు స్వయంగా రాసుకున్నవే. మన హైదరాబాదు నుంచి వెళ్లిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1933లో బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, ఆ తర్వాత పారిస్‌లో దశాబ్దాలపాటు ఎంత సాదాగా జీవించారో ఎరిగినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ అని మా పెద్దలు అనేవారు. దానం వందల్లో చేయి గాని, లెక్క మాత్రం యవగింజ దాకా చూడు అని.

ఆ ఫిట్టరు సోదరుడి విషయం మిగిలింది. ఉప్పల్ రామన్నాము గాని, ఆదివారం ఇంటికి రమ్మన్నాము, భార్యనూ కొడుకునూ తీసుకుని. వచ్చారు. కొత్త నోటుపుస్తకం ఒకటి తెచ్చి మూడు వరుసలు గీశాము. ఫీజు పక్కన పెట్టి 12 నెలల ఖర్చే రాశాము, 14,052 పౌండ్లు, మన డబ్బులో 16 లక్షల 86 వేలు. మొదటి వరుసలో ఆయన రాయించినది పి.ఎఫ్. నుంచి వచ్చేది, చిట్టీ పాడుకున్నది, అన్న ఇస్తానన్నది. అన్న ఇస్తానన్నది రెండో వరుసలోకి మార్చమని ఆయన భార్యే అంది. మొదటి వరుస 7 లక్షల దగ్గర ఆగిపోయింది.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. కొడుకే ముందుగా తేరుకున్నాడు. సీటును వచ్చే ఏడాదికి మార్చుకోవడానికి విశ్వవిద్యాలయానికి రాయవచ్చునట, ఈలోగా ఇక్కడే ఏదైనా ఉద్యోగం చూసుకుంటానన్నాడు. గొంతులో నిరాశ ఉంది, దాచుకోలేదు. ఆ వయసులో ఒక ఏడాది ఎంత పొడవుగా కనిపిస్తుందో మాకు తెలుసు, ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. సగమైనా సర్ది ఈ ఏడే పంపిద్దామా అని తండ్రి మావైపు చూశాడు. మేము మూడో వరుస మీద వేలు పెట్టి చూపించాము.

"చుట్టాలకు ఏం చెప్పాలి మౌలానా? సీటు వచ్చిందని దావత్ కూడా ఇచ్చేశాము" అన్నాడాయన.

ఆమె కొంగు సర్దుకుంటూ, "ఆ దావత్‌కు ఎంత అయిందో కూడా అందులో రాయండి" అంది.

రాశాము. 43 వేలు.